మొక్కల పోషణ పాఠం: ముందు ఏ ఆకో చూడండి

ఈఏపీసెట్ బైపీసీకైనా, వ్యవసాయ సహాయకుల పరీక్షకైనా ఈ పాఠంలో మార్కులు పోయేది చదవక కాదు, చదివినవి ఒకదాన్లో ఒకటి కలిసిపోయి. మొక్కకు తప్పనిసరైన 17 మూలకాలకీ లోప లక్షణాల పట్టిక గీసి బట్టీ పడితే మూడో రోజుకే మెగ్నీషియం, ఇనుము తారుమారవుతాయి. తప్పు మీది కాదు. రెండింటికీ పుస్తకంలో ఉండే వర్ణన ఒకటే: ఈనెలు పచ్చగా, వాటి మధ్య భాగం పసుపుగా.

పట్టిక పక్కన పెట్టి ఒక్క ప్రశ్న వేసుకోండి. మొదట పాడైంది పాతాకా, కొత్తాకా? నత్రజని, భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం మొక్కలో కదులుతాయి. కరువొస్తే మొక్క ముసలి ఆకులోంచి పీకి చిగురుకు పంపుతుంది, కాబట్టి కింది ఆకు ముందు దెబ్బతింటుంది. కాల్షియం, ఇనుము, బోరాన్ వెళ్ళినచోటే ఉండిపోతాయి. గంధకం కూడా అంత తేలిగ్గా కదలదు. అందుకే వీటి లోపం చిగురులో కనిపిస్తుంది. ఆకంతా పాలిపోయి అది కింది ఆకైతే నత్రజని, పై ఆకైతే గంధకం. ఈనెల మధ్య పసుపు కింద ఉంటే మెగ్నీషియం, పైన ఉంటే ఇనుము. కింది ఆకు అంచులు మాడితే పొటాషియం.

దీన్ని చేలో చూడాలంటే పుంగనూరు, పీలేరు వైపు చెనిక్కాయ (వేరుశనగ) చేను చాలు. పోషణ పాఠం సగం ఆ ఒక్క మొక్కలోనే ఉంది. కాల్షియం దారువులో (నీటిని పైకి మోసే గొట్టాల్లో), ఆకు ఆవిరి చేసే నీటి వెంట పైకి పోతుంది. ఆకులో తయారైన ఆహారాన్ని మోసే పోషక కణజాలం గుండా కిందికి దాదాపు రాదు. ఊడ (పూత తర్వాత కాయ కట్టేందుకు నేలలోకి దిగే కాడ) భూమిలోకి దిగాక కాయ ఆవిరి చేసేది ఏమీ ఉండదు. ఆకులో కాల్షియం పుష్కలంగా ఉన్నా కాయకు అందదు, కాయే చుట్టూ ఉన్న మట్టిలోంచి పీల్చుకోవాలి. ఎకరాకు 200 కిలోల జిప్సం తొలి పూత దశలో, మొదళ్ళ దగ్గర, ఊడలు దిగే చోటే వేసి మట్టి ఎగదోయమనడం అందుకే. వేయకపోతే చెట్టు ఏపుగానే ఉంటుంది, పీకితే లొట్ట కాయలు. స్వచ్ఛమైన జిప్సంలో కాల్షియం సుమారు 23, గంధకం సుమారు 18.6 శాతం.

సున్నం ఎక్కువున్న నేలలో లేతాకులు తెల్లబారితే నేలలో ఇనుము లేదని రాయకండి. ఉంటుంది, మొక్కకు అందే రూపంలో ఉండదు. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుమునిచ్చే లవణం) మట్టిలో వేసినా అదే గతి. అందుకే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి ఆకు మీద పిచికారీ. నిమ్మ ఉప్పు లేకపోయినా, కలిపి నిల్వ పెట్టినా ద్రావణం తుప్పు రంగుకు తిరుగుతుంది, ఇక కొట్టీ ప్రయోజనం లేదు.

బుడిపెల గురించి (గాలిలోని నత్రజనిని మొక్కకు పట్టిచ్చే బాక్టీరియా ఉండేది వేరు మీది ఈ బుడిపెల్లోనే): ఒక మొక్కను మట్టితో సహా తవ్వి, వేరు బుడిపెను గోటితో చీల్చండి. లోపల ఎర్రగా ఉంటే పనిచేస్తోంది, ఆకుపచ్చగా ఉంటే పని అయిపోయింది. ఆ ఎరుపు లెగ్‌హీమోగ్లోబిన్. ఆక్సిజన్ తగిలితే నత్రజనిని అమ్మోనియాగా మార్చే ఎంజైమ్ నైట్రోజినేజ్ చెడిపోతుంది కాబట్టి అది కాపలా. ఒక నత్రజని అణువుకు ఖర్చయ్యేది 16 ఏటీపీ (కణంలో శక్తినిచ్చే అణువు), వచ్చేది 2 అమ్మోనియా. ఒక్క అమ్మోనియాకు ఎన్ని అంటే 8. ఇక్కడ తొందరపడి 16 పెట్టేవాళ్ళే ఎక్కువ. ఇంకో సంగతి. బాక్టీరియా వేరు కేశాన్ని వంకర తిప్పి దూరుతుందని పాఠంలో ఉంటుంది, పరీక్షలో అదే రాయండి. చెనిక్కాయలో మాత్రం పక్క వేర్లు పుట్టేచోట ఏర్పడే పగుళ్ళలోంచి దూరుతుంది.

పాత పుస్తకాల్లో మూలకాలు 16 అని కనిపిస్తే కంగారు పడకండి, నికెల్‌ను 1987 తర్వాత చేర్చారు. యూరియాను విడగొట్టే ఎంజైమ్ యూరియేజ్‌కు అది కావాలి. ఏ మూలకం మొక్కకు తప్పనిసరో తేల్చే ఆర్నన్, స్టౌట్‌ల ఆవశ్యకతా నియమాలు 1939 నాటివి. ఇంతకుమించి చరిత్ర అక్కర్లేదు.

లెక్కలు వదలొద్దు, ఖాయంగా వచ్చే మార్కులు. ఎకరాకు 8 కిలోల నత్రజని, 16 భాస్వరం, 20 పొటాష్ అంటే: యూరియా 46 శాతం కాబట్టి 8ని 0.46తో భాగించి 17.4 కిలోలు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 16 శాతం కాబట్టి 100 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 60 శాతం కాబట్టి 33.3 కిలోలు. బస్తా మీది భాస్వరం పి2ఓ5 లెక్క. అసలు భాస్వరం అడిగితే 0.44తో గుణించాలి, పొటాష్ (కె2ఓ) నుంచి అసలు పొటాషియానికి 0.83. ఇదే భాస్వరం డీఏపీతో (భాస్వరం 46, నత్రజని 18 శాతం ఉండే ఎరువు) ఇస్తే 34.8 కిలోలు పడుతుంది. దాంతోపాటే 6.3 కిలోల నత్రజని వచ్చేస్తుంది గనక యూరియా 3.8 కిలోలు చాలు. ఖర్చు లెక్కలో డీఏపీ గెలిచినా చెనిక్కాయకు సూపరే ఎందుకంటే, దాంట్లో గంధకం, కాల్షియం కూడా ఉన్నాయి, డీఏపీలో రెండూ లేవు.