ఆరు కిలోమీటర్లలో పోయిన టీవీ, ఆరొందల కిలోమీటర్లు దాటిన టీవీ (ఇల్లు మారినప్పటి నా అనుభవం)

ఆ టీవీకి బయట ఒక్క గీత కూడా లేదు. చేత్తో తడిమి చూశా, నున్నగా ఉంది. ప్లగ్ పెట్టి ఆన్ చేస్తే సౌండ్ బాగానే వస్తోంది, బొమ్మ మాత్రం ఎడమవైపు కింది మూలన సిరాబుడ్డి ఒలికినట్టు నల్లగా, దాని పక్కనుంచి పైదాకా రంగురంగుల నిలువు గీతలు. ఇది 2019 జూన్ సంగతి, మియాపూర్ నుంచి నిజాంపేటకి మారాం, మహా అయితే ఆరు కిలోమీటర్లు. 43 అంగుళాల టీవీ, కొని ఏడాది కూడా కాలేదు.

తప్పు ఎవరిదని అడిగితే అందరిదీ. సందు చివర దొరికిన టాటా ఏస్ మాట్లాడుకున్నాం, ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. మా నాన్నేమో "ఒరేయ్, రెండు పరుపుల మధ్య పడుకోబెట్టెయ్, గుడ్డు కూడా పగలదు" అన్నారు. ఆయన మాట ఆయన అనుభవంలోంచి వచ్చిందే, నా చిన్నప్పుడు మా ఇంట్లో 21 అంగుళాల డబ్బా టీవీ ఉండేది, వెనక పెద్ద మూపురం ఉండేది కదా అలాంటిది, దాన్ని దుప్పట్లో మూటకట్టి పరుపుల మధ్య పెట్టి లారీలో అనకాపల్లి నుంచి తుని, తుని నుంచి కాకినాడ తిప్పారు, ఏమీ కాలేదు. దాని ముందు అద్దం మందం వేరు, అదొక బండరాయి. నేను కూడా అదే లెక్కలో ఊ అన్నా. పడుకోబెట్టిన టీవీ మీద ఇంకో పరుపు, దాని మీద మిక్సీ పెట్టె, దాని మీద ఒక కుర్రాడు కూర్చుని ఫోన్ చూసుకుంటూ వచ్చాడు. నిజాంపేట రోడ్డు స్పీడ్ బ్రేకర్లు సరేసరి.

సర్వీసుకొచ్చినతను చూడగానే చెప్పేశాడు, "సార్ ఇది కిందపడి పగల్లేదు, నొక్కుడు పడి పగిలింది" అని. పైన మన చేతికి తగిలేది ప్లాస్టిక్ పొర అంట, దాని కింద రెండు గాజు పలకలు ఒక్కోటి అర మిల్లీమీటరు లెక్కన ఉంటాయంట, ఆ రెంటి మధ్యే లిక్విడ్ క్రిస్టల్. టీవీని పడుకోబెడితే ఆ గాజుకి నడిమధ్య ఆసరా సరిగా ఉండదు, బండి ఎగిరినప్పుడల్లా వంగుతుంది, మీద బరువుంటే చెప్పక్కర్లేదు. గాజు లోపల చిట్లుతుంది, పైపొర అలాగే ఉంటుంది, అందుకే చేతికి తెలీలేదు. ప్యానెల్ మార్చడానికి 19 వేలు చెప్పాడు, టీవీ కొన్నది 26 వేలకి. వారంటీ ఉంది కదా అంటే ఫిజికల్ డ్యామేజ్‌కి రాదు సార్ అన్నాడు. నాన్న ఆ రోజంతా నాతో మాట్లాడలేదు, నేనేమీ అనలేదు కూడా, ఆయనకే ఏదోలా ఉన్నట్టుంది.

తర్వాత 55 అంగుళాలది కొన్నాం, గోడకి బిగించాం, దాని అట్టపెట్టె లాఫ్ట్ మీద రెండేళ్లుంది. దసరాకి ఇల్లు దులిపేటప్పుడు మా ఆవిడ "ఇదెందుకండీ బొద్దింకల కాపురానికి" అని పాతపేపర్ల అతనికి ఇచ్చేసింది. గుర్తుపెట్టుకోండి ఈ ముక్క, మళ్లీ వస్తుంది.

2023లో వైజాగ్ వెళ్లిపోవాల్సొచ్చింది. జూన్‌లోనే తెలుసు గానీ ఆషాఢంలో ఇల్లు మారకూడదంది అమ్మ, సరే అది జూలై 17తో అయిపోయిందనుకుంటే ఆ ఏడాది అధిక శ్రావణం, అది ఆగస్టు 16 దాకా. ఆగస్టు 25 శుక్రవారం వరలక్ష్మీ వ్రతం, అప్పటికి కొత్తింట్లో ఉండాలని మా ఆవిడ. అంటే మిగిలింది వారం, ఊళ్లో అందరూ అదే వారం మారుతున్నారు, ప్యాకర్స్ వాళ్లు ఫోనెత్తితే గొప్ప. ఆఖరికి 20వ తారీకు ఆదివారం లోడింగ్ కుదిరింది.

ముగ్గురితో మాట్లాడా. నేనడిగిన మొదటి ప్రశ్న రేటు కాదు, "ఇక్కడ ఎక్కించిన బండే వైజాగ్‌లో మా గుమ్మం ముందు ఆగుతుందా" అని. ఒకతను 16 వేలకే చేస్తానన్నాడు, గుచ్చిగుచ్చి అడిగితే అది పార్ట్ లోడ్ అంట, ఇక్కడ గోడౌన్‌లో దించి, ఇంకెవరిదో సామానుతో కలిపి పెద్ద లారీలో ఎక్కించి, అక్కడ మళ్లీ గోడౌన్‌లో దించి చిన్న బండిలో తెస్తారు. ఎన్నిసార్లు ఎత్తి దించుతారో లెక్కేసుకోండి, అన్నిసార్లూ వేరే వేరే చేతులు, మనం అక్కడ ఉండం. మనకి మాత్రమే అని 14 అడుగుల బండి మాట్లాడితే 31 వేలు. పదిహేను వేలు తేడా, మా ఆవిడ మొహం చూడాలి. నేను టీవీ కోసమొక్కటే కాదు, ఫ్రిజ్జు, అమ్మ దేవుడి మందిరం అన్నీ ఉన్నాయని సర్దిచెప్పా గానీ లోపల టీవీయే.

ఇన్సూరెన్స్ కూడా కట్టా, మనం రాసిచ్చిన విలువ మీద 3 శాతం, పైన జీఎస్టీ. కట్టేముందు అడగాల్సింది ఒకటుంది, బండికి యాక్సిడెంట్ అయితేనే ఇస్తారా, విరిగినా చితికినా కూడా ఇస్తారా అని. నాకు మొదట పంపిన కాగితంలో యాక్సిడెంటు, అగ్నిప్రమాదం మాత్రమే ఉన్నాయి, టీవీ పగిలితే పైసా రాదు. మళ్లీ అడిగితే రెండోది పంపారు. అడక్కపోతే మొదటిదే ఉండేది. ఇంకోటి, ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకి తీసుకునే జీఎస్టీ పత్రం, దాని చార్జీ అని 500 వేశారు, వాడిన ఇంటి సామానుకి ఈ-వే బిల్లు అక్కర్లేదు కదా అంటే ఏమీ వాదించకుండా కొట్టేశారు. వాదించకపోవడమే నాకు నవ్వొచ్చింది.

ఇక పెట్టె. ఒరిజినల్ పెట్టె పాతపేపర్ల పాలైంది కదా, కూకట్‌పల్లిలో టీవీలమ్మే షాపులన్నీ తిరిగా. డిస్‌ప్లేకి పెట్టిన టీవీల పెట్టెలు వాళ్ల దగ్గర వెనకాల పడుంటాయి. మూడో షాపులో ఒకబ్బాయి 200 తీసుకుని 55 అంగుళాల పెట్టె థర్మకోల్‌తో సహా ఇచ్చాడు, వేరే కంపెనీది. బైక్ మీద తేవడం సర్కస్సే, వెనకాల బావమరిది పెట్టెని తెరచాపలా పట్టుకుని కూర్చున్నాడు, గాలికి బండి ఎటుపోతోందో తెలీదు. ఇంటికొచ్చి చూస్తే థర్మకోల్ గాడి మా టీవీ కంటే వెడల్పు, టీవీ లోపల అటూ ఇటూ ఊగుతోంది. ఆ సందులో థర్మకోల్ ముక్కలు కోసి కూరా, ఊపి చూస్తే కదలకుండా ఉండేదాకా.

శనివారం రాత్రి టీవీ దించాం. దించే ముందు రెండు పనులు, ఒకటి ఆ రోజు పేపర్ పక్కన పట్టుకుని టీవీ నడుస్తున్నట్టు వీడియో తీశా, తెల్ల స్క్రీన్ పెట్టి నాలుగు మూలలూ దగ్గరగా, వెనకాల సీరియల్ నంబరు కూడా. రెండు, వెనక వైర్ల ఫోటో, సెట్‌టాప్ బాక్స్‌ది ఎందులో ఉంది, సౌండ్‌బార్‌ది ఏ హెచ్‌డీఎంఐలో ఉంది అని. గోడ నుంచి తీసేటప్పుడు కింద రెండు లాకు తాళ్లుంటాయి, అవి లాగితేనే టీవీ పైకి లేస్తుంది, నాకు తెలీక ముందు బలంగా ఎత్తబోయా, బావమరిది "బావా ఆగు ఆగు" అన్నాడు. ఇద్దరు కావాల్సిందే, బరువని కాదు, పదహారు పదిహేడు కిలోలే, కానీ వెడల్పు నాలుగడుగులు, ఒక్కడే ఎత్తితే బొటనవేళ్లు స్క్రీన్ మీద పడతాయి. పట్టుకోవాల్సింది కింద అంచు, పక్కన ఫ్రేము, అంతే.

దించి ఎక్కడ పెట్టాలి? మంచం మీద బోర్లా పెట్టబోయాం అలవాటుగా. వద్దని సోఫాకి ఆనించి నిలబెట్టాం, బావమరిది పట్టుకుని ఉంటే నేను చుట్టా. ముందు నాన్న పాత పంచె, ఉతికి ఉతికి మెత్తబడిపోయింది, దులిపి మరీ వేశా ఇసుక రేణువుంటే గీత పడుతుందని. దాని మీద పల్చటి తెల్ల ఫోమ్ షీటు. అప్పుడు బబుల్ రాప్, బుడగలు బయటివైపుకి. నేరుగా స్క్రీన్ మీదే బుడగలు ఆనేలా చుట్టి గట్టిగా టేప్ లాగితే ఆ బుడగల అచ్చులు పడతాయి, నా ఫ్రెండుకి అలా పడ్డాయి, వెలుగు పక్కనుంచి పడినప్పుడు పొక్కుల్లా కనిపిస్తాయి. స్క్రీన్ వైపు ఒక గట్టి అట్ట పలక, సరిగ్గా టీవీ సైజుకి కోసింది. టేప్ ఆ అట్ట మీదే, ఫ్రేముకి గానీ స్క్రీన్‌కి గానీ తగలకుండా. పెట్టె మీద మార్కర్‌తో తెలుగులో, హిందీలో "స్క్రీన్ ఇటువైపు, నిలబెట్టాలి, పడుకోబెట్టొద్దు" అని రాశా, పైకి బాణం గుర్తులు. నాన్న వచ్చి చదివి, ఏమనకుండా మార్కర్ తీసుకుని "పడుకోబెట్టొద్దు" కింద ఇంకో గీత గీశారు.

ఆదివారం నలుగురు కుర్రాళ్లు, ఒక సూపర్‌వైజర్. సూపర్‌వైజర్ సామాన్ల లిస్టు రాసి సంతకం పెట్టమన్నాడు. చదివితే ప్రతి వస్తువు ఎదురుగా "పాతది, గీతలున్నాయి, పనిచేస్తుందో లేదో చూడలేదు" అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషులో పొట్టి అక్షరాలు. టీవీకి కూడా అదే. ఇది సంతకం పెడితే ఇంక ఇన్సూరెన్స్ దేనికి? "అన్నా, ఇది నా ముందే ఆన్ చేసి చూపించమంటే చూపిస్తా, వీడియో ఉంది, వర్కింగ్ అని రాయి" అన్నా. కాసేపు గొణిగి కొట్టేసి రాశాడు, ఆ కాగితం ఫోటో తీసుకున్నా.

పెట్టె లిఫ్టులో పట్టలేదు, మూడో అంతస్తు నుంచి మెట్లమీద తెచ్చారు. బండిలో చోటు కోసం మళ్లీ చిన్న గొడవ, వాళ్లు తలుపు దగ్గర ఆఖర్న పెడతామన్నారు, వెనక చక్రాలకి అవతల ఉండే చోటే ఎక్కువ ఎగురుతుంది, నేను ముందు క్యాబిన్ గోడకి దగ్గరగా పెట్టించా. బీరువా చదునుగా ఉన్న వైపుకి స్క్రీన్, అవతలివైపు పరుపు నిలబెట్టి. పరుపు ఇలా పనికొస్తుంది, నిలబెట్టినప్పుడు. తాడు పెట్టెకి అడ్డంగా నడుమ బిగించబోతే కింది భాగానికి కట్టించా. ఆ కుర్రాళ్లకి నేను పిచ్చోణ్ణి లాగా కనిపించి ఉంటా, ఒకడు "సార్, ఇందులో డబ్బులున్నాయా" అని అడిగాడు.

అమ్మావాళ్ల గదిలో 32 అంగుళాల టీవీ చిన్నది, ఐదు కిలోలుంటుంది, అది మాతో కార్లోనే. వెనక సీట్లో దుప్పటి వేసి నిలబెట్టి, స్క్రీన్ సీటు వైపుకి, సీటు బెల్టు పెట్టాం. పక్కన అమ్మ, రాత్రంతా టీవీ భుజం మీద చెయ్యేసి కూర్చుంది. తెల్లారి తుని దగ్గర టీకి ఆగితే దిగను, ఇది ఒరిగిపోతుంది అంది.

మధురవాడలో ఇంటిముందు కారు దిగగానే నా కళ్లజోడు మొత్తం ఆవిరి కమ్మేసింది, రాత్రంతా ఏసీ, బయట వైజాగ్ ఉక్క. అది తుడుచుకుంటుంటే వెలిగింది, టీవీ లోపల కూడా ఇదే కదా జరిగేది అని. పాలు పొంగించాక నాన్న వార్తలు పెట్టమన్నారు, మధ్యాహ్నం దాకా ప్లగ్ పెట్టనివ్వలేదు. లోపల తడి ఆరకుండా కరెంటు ఇస్తే బోర్డు పోయే ప్రమాదం ఉంది.

లారీ మూడింటికి వచ్చింది. దించడం అవగానే సంతకం, సంతకం అని తొందర. లారీలో ఏసీ లేదు కాబట్టి ఆవిరి భయం లేదు, పెట్టె పైభాగం తీసి, అడుగున ఉన్న థర్మకోల్ గాడిలోనే టీవీని నిలబెట్టి ఆన్ చేశాం. తెల్ల స్క్రీన్ పెట్టి నాలుగు మూలలూ చూశా. శుభ్రంగా ఉంది. ఏమన్నా తేడా ఉంటే డెలివరీ కాగితం మీదే రాసి, ఫోటోలు తీసి, అప్పుడు సంతకం పెట్టాలనుకున్నా, రవాణా వాళ్ల మీద కేసు దాకా వెళ్లాలంటే బుక్ చేసిన 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలంట 2007 నాటి చట్టం ప్రకారం, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఫోన్లో సేవ్ చేసుకున్నా. అవసరం పడలేదు.

అన్నీ చూసుకున్నా గానీ ఒకటి మర్చిపోయా. కొత్త ఇంటి ఓనర్‌గారు "గోడకి మేకు కూడా కొట్టొద్దు బాబూ, మొన్ననే రంగులేయించాం" అన్నారు. అంటే టీవీకి కాళ్లు కావాలి. గోడకి బిగించేశాక కాళ్లతో పనేముంటుందని ఎక్కడో పడేశాం, గంటసేపు వెతికితే వంటింటి మూటలో అట్లకాడల పక్కన రెండు కాళ్లూ దొరికాయి, నాలుగు స్క్రూలు మాత్రం లేవు. టీవీ మూడు రోజులు పెట్టెలోనే నిలబడి ఉంది.

గురువారం పొద్దున్నే ఒక కాలు పట్టుకుని హార్డ్‌వేర్ షాపుకెళ్లా, వ్రతానికి చుట్టాలొస్తారు, టీవీ అట్టపెట్టెలో ఉంటే బాగోదని మా ఆవిడ గోల. షాపాయన "టీవీ ఏదండీ" అన్నాడు. కాలు తెచ్చానండి అన్నా. ఆయన పొడుగు స్క్రూలు తీశాడు, గట్టిగా పడతాయని. ఇంట్లో బయల్దేరే ముందు ఆ కన్నంలో అగరుపుల్ల పెట్టి లోతు చూసి గోరుతో గుర్తు పెట్టుకొచ్చా, అది చూపించా, ఎందుకంటే పొడుగు స్క్రూ తిప్పుతూ పోతే వెనకనుంచి వెళ్లి లోపల బోర్డుకో ప్యానెల్‌కో గుచ్చుకుంటుంది. అగరుపుల్లని కాలి పక్కన పెట్టి కొలిచి, నాలుగు చిన్నవి వెతికి ఇచ్చాడు, పదహారు రూపాయలు. "ఇంత దూరం కాలు మోసుకొచ్చారు, టీవీ బాగానే ఉందా మరి" అని అడిగాడు.