ట్రైటన్ పనుల చిట్టా: లాగినప్పుడు మాత్రమే వంకరపోయే ప్రైమరీ చైను

ఇంజను నుంచి క్లచ్చుకు శక్తిని అందించే చైను ప్రైమరీ చైను; అది తిరిగే ప్రైమరీ కేసును మూడోసారి కూడా విప్పవలసి వచ్చింది, మూడోసారి కూడా లోపల అదే దృశ్యం కనిపించింది. ఇంజన్ స్ప్రాకెట్టు పళ్ళకు బండి లోపలి వైపున్న ముఖమూ, క్లచ్ చక్రం పళ్ళకు బయటి వైపున్న ముఖమూ అద్దంలా మెరుస్తున్నాయి. కేసు అడుగున మిగిలిన నూనెను వేలితో తీసి వెలుతురులో చూస్తే వెండిపొడి కలిపినట్టు ఉంది. బండి తిరిగింది 70 కిలోమీటర్లే.

కొత్తగా చదువుతున్నవారి కోసం ఒక్క మాట. ట్రైటన్ అంటే నార్టన్ ఫ్రేములో ట్రయంఫ్ ఇంజన్ కూర్చిన బండి. నాది వైడ్‌లైన్ ఫెదర్‌బెడ్ ఫ్రేము, 649 సీసీ ప్రీ-యూనిట్ ఇంజను, అంటే గేర్‌బాక్సు విడిగా ఉండే రకం. గేర్‌బాక్సు మాత్రం నార్టన్‌కు వచ్చిన ఏఎంసీ (నార్టన్ మాతృసంస్థ) గేర్‌బాక్సే. ఫ్రేము, గేర్‌బాక్సు పుట్టుకతో కలిసి ఉన్నవే కనుక వాటిని విడదీయకుండా ఇంజను ఒక్కటే మారిస్తే పని తగ్గుతుందని అప్పట్లో నేను వేసుకున్న లెక్క. ట్రయంఫ్ గేర్‌బాక్సు కూడా వేయమని సలహా ఇచ్చినవారిది వట్టి మొండితనం అనుకున్నాను. ఇప్పుడు అంత ధైర్యంగా అనలేను.

మిగతా పనులన్నీ సాఫీగానే సాగాయి. నూనె ట్యాంకు కుదిరింది, హెడ్ స్టెడీ బిగిసింది, మోనోబ్లాక్ కార్బ్యురేటర్లు రెండూ మొదటి రోజే సమంగా పలికాయి.

ఇక చైను సంగతి. బిగించే ముందు స్టీలు స్కేలును క్లచ్ చక్రం ముఖానికి ఆనించి ఇంజన్ స్ప్రాకెట్టు దాకా చూసినప్పుడు తేడా 0.3 మిల్లీమీటర్లకు మించలేదు. అరంగుళం పిచ్చు (పక్కపక్క పిన్నుల మధ్య దూరం) ఉన్న ఒంటి వరుస చైనుకు ఇది చాలా మంచి అమరికే. పై వరుసలో వదులు 10 మిల్లీమీటర్లు పెట్టాను. అయినా మొదటి పరుగులోనే, మొదటి గేరులో థ్రాటిల్ తెరిచిన ప్రతిసారీ కేసు లోపలి నుంచి సన్నని ఊళ వినిపించింది. థ్రాటిల్ మూస్తే ఆ చప్పుడు మాయమయ్యేది.

అరుగుదల ఏ ముఖాల మీద ఉందో చూసి, క్లచ్చు బయటికీ స్ప్రాకెట్టు లోపలికీ ఉన్నాయని తేల్చుకున్నాను. స్ప్రాకెట్టు వెనుక 0.8 మిల్లీమీటర్ల షిమ్ము (పల్చని లోహపు బిళ్ళ) వేసి దాన్ని బయటికి జరిపాను. ఫలితం చెప్పాలంటే సిగ్గుగా ఉంది: థ్రాటిల్ తెరిచినప్పటి ఊళ కొంచెం తగ్గింది గానీ, అప్పటిదాకా నిశ్శబ్దంగా ఉన్న ఐడిలింగులో కొత్తగా గరగర మొదలైంది. అంటే నిలిచి ఉన్నప్పుడు సరిగ్గా ఉన్న వరుసను నేనే చెడగొట్టాను. షిమ్ము తీసేశాను.

రెండో అనుమానం ఇంజన్‌నూ గేర్‌బాక్సునూ ఫ్రేముకు పట్టి ఉంచే ఇంజన్ ప్లేట్ల మీదికి పోయింది. అవి నేనే కోసిన 6 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేట్లు. రంధ్రాలు ఎడమ, కుడి ప్లేట్లలో ఒకే చోట పడకపోతే గేర్‌బాక్సు షాఫ్టు క్రాంకుకు సమాంతరంగా నిలవదు. రెండు ప్లేట్లనూ విప్పి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ప్రతి రంధ్రంలోనూ కడ్డీ దూర్చి చూశాను. అన్నీ దూరాయి. తిరిగి బిగించాక క్లచ్ చక్రం ముందు అంచు దగ్గరా వెనుక అంచు దగ్గరా కొలిస్తే తేడా 0.1 మిల్లీమీటరే. ప్లేట్లది తప్పు కాదన్నమాట. ఈ పరీక్షకు ఒక ఆదివారమంతా పోయింది.

అప్పుడు గానీ నాకు తట్టలేదు, కొలతలన్నీ బండి నిద్రపోతున్నప్పుడే తీస్తున్నానని. ఊళ వినిపించేది గేర్‌బాక్సు మీద బరువు పడినప్పుడు. అందుకని ఆ బరువును నిలబెట్టిన బండి మీదే సృష్టించాను. స్పార్కు ప్లగ్గు రంధ్రంలోంచి నూలు తాడు కూర్చి పిస్టను కదలకుండా ఆపి, మొదటి గేరు వేసి, వెనుక చక్రాన్ని గడకర్రతో వెనక్కి తిప్పే ప్రయత్నం చేశాను. ఇంజను చక్రాన్ని ముందుకు లాగేటప్పుడు వెనుక చైను ఎలా బిగుస్తుందో ఇక్కడా అలాగే బిగుస్తుంది. కదలికను ముల్లుతో చూపే డయల్ గేజిని గేర్‌బాక్సు పై బోల్టుకు ఎడమ కొసన ఒకసారి, కుడి కొసన ఒకసారి ఆనించి చదివాను. ఎడమ కొస 0.4 మిల్లీమీటర్లు వెనక్కి జరిగింది, కుడి కొసన ముల్లు దాదాపు కదలలేదు. అదే సమయంలో లాగేటప్పుడు వదులంతా చేరవలసిన ప్రైమరీ చైను కింది వరుసను వేలితో నొక్కితే వీణ తీగలా ఉంది. నేను పెట్టిన 10 మిల్లీమీటర్ల వదులు పూర్తిగా మాయం.

తరువాత ప్రైమరీ చైను తీసేసి, పాత క్లచ్ ప్లేట్లతో చేసుకున్న పనిముట్టుతో క్లచ్చును ఫ్రేముకు ఆనించి ఆపి, అదే బలంతో చక్రాన్ని తిప్పాను. ఈసారి ఎడమ కొస 0.9 మిల్లీమీటర్లు జరిగింది. మిగిలిన అర మిల్లీమీటరు కదలికను అంతవరకూ ప్రైమరీ చైనే తన ఒంటి మీద ఆపుతోందన్నమాట. పాపం, శక్తిని మోయవలసిన చైనుకు గేర్‌బాక్సును పట్టి ఉంచే పని కూడా అప్పగించాను.

కారణం చేతిలెక్కతోనే తేలుతుంది. నా క్లచ్ చక్రానికి 42 పళ్ళు, అరంగుళం పిచ్చు, అంటే వ్యాసార్ధం 85 మిల్లీమీటర్లు. గేర్‌బాక్సు స్ప్రాకెట్టుకు 19 పళ్ళు, అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతుల పిచ్చు, వ్యాసార్ధం 48. మొదటి గేరు తగ్గింపును రెండున్నర రెట్లుగా తీసుకుంటే, ప్రైమరీ చైను గేర్‌బాక్సును ముందుకు లాగే బలం కంటే వెనుక చైను దాన్ని వెనక్కి లాగే బలం నాలుగు రెట్ల పైమాటే. ఆ రెండు చైన్లూ ఎడమ పక్కనే ఉన్నాయి. గేర్‌బాక్సును జరిపి పట్టి ఉంచే మరబోల్టు, అంటే అడ్జస్టరు, మాత్రం నా అమరికలో కుడి పక్కన ఒక్కటే ఉంది. ఎడమవైపు ఉన్నదల్లా పొడుగు రంధ్రంలో బిగిసిన బోల్టు, దాని రాపిడి. అది జారినప్పుడు గేర్‌బాక్సు కుడి కొస ఇరుసుగా మెలితిరుగుతుంది, క్లచ్ చక్రం ముందు అంచు బయటికి వస్తుంది. పళ్ళ మీది మెరుపు సరిగ్గా ఆ కథే చెప్పింది, చదవడం నాకు రాలేదు.

రాపిడి అంత తక్కువగా ఎందుకుందన్నదానికి నా దగ్గర ఒక ఊహ ఉంది. అందం కోసం ప్లేట్లకు పౌడర్ కోటింగు వేయించాను. వాషర్ల కింద ఆ పూత నలిగి బోల్టు బిగువు తగ్గి ఉండాలి. వాషరు మేర పూతను గీకి లోహం తేల్చి, మందపాటి వాషర్లతో బిగించాక చైను లేని కొలత 0.9 నుంచి 0.6కు దిగింది. ఊహ సగం నిజమే. బిగువు పట్టవలసిన చోట పౌడర్ కోటింగు వేసే పద్ధతి మీద నాకు ఇక గౌరవం లేదు.

చైనును మరింత వదులుగా పెట్టి చూశాను, 16 మిల్లీమీటర్లు. ఊళ తగ్గింది గానీ ఐడిలింగులో చైను కేసును కొడుతోంది. దంతాల బెల్టుకు మారిపొమ్మంటారు చాలామంది. బెల్టు తేలిక, నూనె అక్కర్లేదు, అన్నీ నిజమే. కానీ గేర్‌బాక్సు ఇలా మెలితిరుగుతుంటే చైను అరుగుతుంది, బెల్టు ఏకంగా పక్కకు నడిచి బయటికి వస్తుంది. నార్టన్ కమాండోకు బెల్టు వేసుకున్నవారిలో ఎందరో ఎడమవైపు రెండో అడ్జస్టరు పెట్టుకున్నది ఇందుకే. ఆ బండిలో ఉన్నదీ ఈ ఏఎంసీ గేర్‌బాక్సు సంతతే.

కనుక వచ్చే విడత పని అదే. ఎడమ ప్లేటు వెనుక అంచుకు 12 మిల్లీమీటర్ల ఉక్కు దిమ్మె బిగించి, అందులోంచి 8 మిల్లీమీటర్ల సన్నమర బోల్టుతో పై బోల్టు కొసను ముందుకు నెట్టి ఉంచుతాను. ప్లేట్లను కూడా ఉక్కులో మళ్ళీ కోయాలా అన్న ఆలోచన ఉంది. బరువు పెరుగుతుంది, అయినా అల్యూమినియం మీద మోజు కాస్త తగ్గింది. అదే డయల్ గేజి, అదే గడకర్ర, అదే తాడుతో కొలిచి, చైను లేకుండా 0.2 లోపు వస్తేనే కేసు మూస్తాను.

ఇంకో సంగతి. మూలన ఒక బీఎస్‌ఏ ఏ10 ఫ్రేము ఖాళీగా ఉంది, దాని పక్కనే ట్రయంఫ్ 650 యూనిట్ ఇంజన్ ఒకటి. 1963 నుంచి వచ్చిన ఈ ఇంజన్లలో క్రాంకు కేసూ గేర్‌బాక్సూ ఒకే పోతగా ఉంటాయి, వాటి మధ్య దూరం పుట్టుకతోనే ఖాయం. ప్రీ-యూనిట్ ఇంజను ఆకారం ముందు అది నాకు ఎప్పుడూ బోడిగానే కనిపించేది. ఈ వారం మాత్రం దాని పక్కన రెండుసార్లు చతికిలబడి, ముందు మౌంటు బోల్టుల మధ్య దూరం కొలిచి రాసుకున్నాను.