సీపీఎల్ ఉండగా గ్రౌండ్ డ్యూటీకి ఎందుకు రాశాను, ఎలా గట్టెక్కాను

నాకు 204 గంటల ఫ్లయింగ్ ఉంది. పౌర విమానయానాన్ని చూసే డీజీసీఏ ఇచ్చిన కమర్షియల్ పైలట్ లైసెన్స్ (సీపీఎల్) ఉంది. అయినా ఎయిర్‌ఫోర్స్‌లో గ్రౌండ్ డ్యూటీకి, అంటే విమానం నడపని ఉద్యోగానికి రాశాను. ఈ మాట గాజువాకలో మా వీధిలో ఎవరికి చెప్పినా ముందు నా మొహం చూస్తారు, ఆ తర్వాత మా నాన్న మొహం చూస్తారు. ఆ 204 గంటల కోసం ఇల్లు బ్యాంకులో తాకట్టు పెట్టామని అందరికీ తెలుసు మరి.

లైసెన్స్ వచ్చాక ఏడాదిన్నర ఖాళీ. సీపీఎల్‌కి 200 గంటలు చాలు గానీ, ఎయిర్‌లైన్‌లో కూర్చోవాలంటే టైప్ రేటింగ్, అంటే ఫలానా రకం విమానం నడపగలనన్న అర్హత కావాలి. దానికి మళ్లీ లక్షలు. నాన్నని ఇంకోసారి అడగడానికి నోరు రాలేదు.

"మరి ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్‌గానే పోవచ్చుగా?" అని నన్ను అడగనివాళ్లు లేరు. సీపీఎల్ ఉన్నవాళ్లకి ఫ్లయింగ్ బ్రాంచ్‌లో వయసు 24 నుంచి 26 దాకా సడలిస్తారు కూడా. కానీ నాకు దూరపు చూపుకి అద్దాలున్నాయి. సివిల్ పైలట్ల క్లాస్ వన్ మెడికల్‌లో అద్దాలు పెట్టుకుని 6/6 కనిపిస్తే సరే అంటారు. ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్ బ్రాంచ్‌లో మయోపియా ఉంటే అక్కడితో సరి. గ్రౌండ్ డ్యూటీకి ఒక హద్దు వరకు అద్దాలు పర్వాలేదు. కాబట్టి సీపీఎల్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందు కళ్లు పరీక్ష చేయించుకుని తర్వాత బ్రాంచ్ ఎంచుకోండి. నేను ఆ రెండోది ముందు చేసి రెండు నెలలు కలలు కన్నాను.

ఇంకో విషయం మనవాళ్లు చాలామంది మర్చిపోతారు. సీపీఎల్ డిగ్రీ కాదు. లైసెన్స్‌కి ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉంటే చాలు కాబట్టి కొందరు ఇంటర్ అవగానే ఫ్లయింగ్ స్కూల్‌కి వెళ్లిపోతారు. ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్ల రాతపరీక్ష ఏఎఫ్‌క్యాట్‌తో గ్రౌండ్ డ్యూటీ నాన్ టెక్నికల్‌కి వెళ్లాలంటే డిగ్రీ ఉండాలి, అడ్మినిస్ట్రేషన్ బ్రాంచ్‌కైతే అందులో 60 శాతం. కోర్సు మొదలయ్యేనాటికి 26 ఏళ్లు దాటకూడదు. నేను బీఎస్సీ పూర్తి చేసి ఫ్లయింగ్‌కి వెళ్లాను. "డిగ్రీ కాయితం చేతిలో ఉండనీ" అని అప్పట్లో పట్టుబట్టింది అమ్మ. ఇప్పుడు రోజుకోసారి గుర్తు చేస్తుంది.

పరీక్ష సంగతికొస్తే, 100 ప్రశ్నలు, 300 మార్కులు, రెండు గంటలు. సరైన జవాబుకి 3, తప్పుకి ఒకటి కోత. నన్ను ముంచింది ఆ కోతే. డీజీసీఏ పేపర్లలో నెగెటివ్ లేదు, 70 శాతం వస్తే పాస్. అందుకని ఏదీ ఖాళీ వదలకుండా గుడ్డిగా అయినా టిక్ పెట్టే అలవాటు చేతికి పట్టేసింది. మొదటి మాక్ టెస్ట్‌లో వందకి వంద ప్రశ్నలకీ జవాబు పెట్టాను. 58 ఒప్పు, 42 తప్పు. 174 లోంచి 42 పోతే 132. కటాఫ్ 150 దాటిన సందర్భాలు ఉన్నాయి, అంటే ఇంటికే. నెల తర్వాత 70 మాత్రమే పెట్టాను. 56 ఒప్పు, 14 తప్పు, 154. రెండు ఒప్పులు తగ్గాయి, 22 మార్కులు పెరిగాయి. ఆ లెక్క కాగితం మీద రాసి టేబుల్ ముందు గోడకి అంటించాను.

ఫ్లయింగ్ చదువు పనికొచ్చిన చోట్లూ ఉన్నాయి. పడవ, ప్రవాహం లెక్కలు మనకి కొత్తవి కావు. ఎదురుగాలి, వెనకగాలిలో గ్రౌండ్ స్పీడ్ లెక్కే అది, గాలికి బదులు నీళ్లు, అంతే. ఇంగ్లిష్‌కి నేను పెద్దగా ఏం చదవలేదు. మిలిటరీ జీకేకి మాత్రం వైజాగ్‌వాళ్లం పుట్టుకతోనే కోచింగ్ తీసుకున్నట్టు. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్, రోడ్డుకి అటువైపు టీయూ-142 విమానం, కాస్త ముందుకెళ్తే 1971 యుద్ధం గుర్తుగా కట్టిన స్తూపం. చిన్నప్పుడు పిడతకింద పప్పు తింటూ చూసినవే, ఇప్పుడు బోర్డుల మీద రాసింది చదివాను. కురుసుర 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైంది, టీయూ-142 1988 నుంచి 2017 దాకా ఎగిరింది. ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని మూడు నెలలు పేపర్లు తిరగేశాను. మొదటిసారే రాతపరీక్ష గట్టెక్కింది.

రాతపరీక్ష తర్వాత ఐదు రోజుల ఎంపిక ఇంటర్వ్యూ ఉంటుంది, ఎస్ఎస్‌బీ అంటారు. దానికి మైసూరు వెళ్లాను. స్క్రీనింగ్ దాటాను. తర్వాత సైకాలజీ పరీక్షలు. వాటిలో బొమ్మ చూసి కథ రాసే పరీక్ష టీఏటీ. పదకొండు బొమ్మలు, ఒక ఖాళీ స్లయిడ్. ఒక్కో బొమ్మ 30 సెకన్లు చూపిస్తారు, నాలుగు నిమిషాల్లో కథ రాయాలి. నేను రాసిన పన్నెండు కథల్లో ఏడింటిలో హీరో పైలట్. పొలంలో నిలబడ్డ మనిషి బొమ్మ ఇచ్చినా, ఆ రైతు కొడుకు పైలట్ అయ్యి వరదల్లో ఊరిని కాపాడతాడు! ఇప్పుడు నవ్వొస్తోంది, ఆ రోజు గొప్పగా రాశాననుకున్నాను. ఇంటర్వ్యూలో "ఫ్లయింగ్ ఎందుకు వదిలేస్తున్నావ్?" అని అడిగితే చిన్నప్పటి నుంచి యూనిఫాం అంటే ఇష్టమనీ, దేశసేవ అనీ చెప్పాను. ఇంటర్వ్యూ చేసే ఆఫీసర్ తల ఊపి, "అడ్మినిస్ట్రేషన్ బ్రాంచ్‌లో ఆఫీసర్ పొద్దున్న ఏం చేస్తాడు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఐదో రోజు కాన్ఫరెన్స్ అయ్యాక పిలిచిన నంబర్లలో నాది లేదు.

తిరిగొచ్చాక పదిరోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఒక సాయంత్రం నాన్న స్నేహితుడు ఒకాయన, నేను బాబాయ్ అంటాను, బండెక్కించుకుని తీసుకెళ్లారు. నేవీలో పాతికేళ్లు విమానాల దగ్గరే పనిచేసి రిటైరయ్యారు. షీలానగర్ దగ్గర టీ తాగుతుంటే ఒక విమానం దిగింది. అప్పుడు మన ఎయిర్‌పోర్ట్ ఉన్నది నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాలోనే కదా, ప్రయాణికుల విమానాలకి కూడా టవర్ నేవీదే.

"ఏం చూశావురా?" అన్నారు బాబాయ్.

"కొంచెం ఆలస్యంగా టచ్ చేశాడు బాబాయ్. గాలి పక్కనించి ఉన్నట్టుంది."

"అది సరే. అది దిగేముందు రన్‌వే మీద పక్షుల్ని ఎవడు తోలాడు? ఫైరింజన్ దగ్గర ఎవడు నిలబడ్డాడు? ఇప్పుడొక ఫైటర్ ఎగరాలి, ఇదింకా రన్‌వే ఖాళీ చెయ్యలేదు, ఎవడిని ఆపాలో ఎవడు చెప్తాడు?" గ్లాసు కింద పెట్టి, "204 గంటలు నీకు గొంతు వినిపించిందిగా రేడియోలో. ఆ గొంతు వెనక మనిషిని ఎప్పుడైనా చూశావా?" అన్నారు.

చూడలేదు. ఫ్లయింగ్ స్కూల్లో టవర్ అంటే మాకు రేడియోలో వినబడే గొంతు, ఎక్కువసేపు హోల్డ్ చేయిస్తే విసుక్కునే గొంతు. ఎయిర్‌ఫోర్స్‌లో టవర్ నడిపే ఏటీసీ ఆఫీసర్లు, నేల మీంచి ఫైటర్లకి దారి చెప్పే ఫైటర్ కంట్రోలర్లు అడ్మినిస్ట్రేషన్ బ్రాంచ్ నుంచే వస్తారని నోటిఫికేషన్ చూసినప్పుడే చదివాను. కానీ చదివి వదిలేశాను, ఎందుకంటే నాకు అది రెండో రకం ఉద్యోగం. బోర్డుకి కనిపించింది అదే అయ్యుంటుంది.

రెండోసారి రాతపరీక్షకి కొత్తగా చేసిందేమీ లేదు. మిగిలిన టైమంతా రెండు పనులకి పెట్టాను. ఒకటి, ఉక్కునగరంలో రోజూ పరుగు, తాడు ఎక్కడం. ఎస్ఎస్‌బీలో మూడు నిమిషాల్లో పది అడ్డంకులు దాటాలి, మైసూరులో నేను ఆరు దగ్గర ఆయాసంతో ఆగిపోయాను. రెండు, నా ఫ్లయింగ్ గంటలు రాసుకున్న పాత లాగ్‌బుక్ తెరిచి ఒక్కో ఎంట్రీకి ఎదురుగా ఆ రోజు నేల మీద ఎవరెవరు పనిచేసి ఉంటారో రాసుకోవడం. ఇంధనం నింపినవాళ్లు, వాతావరణం రిపోర్ట్ ఇచ్చినవాళ్లు, ఇంజిన్ చూసి సంతకం పెట్టినవాళ్లు. పిచ్చి పని అనిపించవచ్చు, కానీ టీఏటీ కథల్లోకి రైతు, నర్సు, లైన్‌మన్ వాళ్లంతట వాళ్లే వచ్చేశారు.

ఈసారి వారణాసి. అదే ప్రశ్న వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను: ఎయిర్‌లైన్ ఉద్యోగం రాలేదు సార్, టైప్ రేటింగ్‌కి డబ్బు లేదు, అద్దాల వల్ల మీ ఫ్లయింగ్ బ్రాంచ్‌కీ పనికిరాను. ఆ తర్వాతే టవర్ గురించి తెలుసుకున్నాను, ఇప్పుడు అది కావాలి. ఆయన చిరునవ్వు కూడా నవ్వలేదు. "ఇద్దరు పైలట్లు ఒకేసారి పిలిచారు. ఒకడు మినిమమ్ ఫ్యూయల్ అన్నాడు, ఇంకొకడు మేడే ఫ్యూయల్ అన్నాడు. ఎవరిని ముందు దింపుతావ్?" అన్నారు. మేడే అన్నవాడిని, సార్, అది ఎమర్జెన్సీ పిలుపు. మినిమమ్ ఫ్యూయల్ ఎమర్జెన్సీ కాదు, ఇక ఆలస్యం తట్టుకోలేనని ముందే చెప్పడం. కానీ అతన్నీ వదిలెయ్యను, ఎంతసేపు పడుతుందో వెంటనే చెప్తాను, లేకపోతే అతను రెండో మేడే అవుతాడు. అప్పుడు మాత్రం ఏదో రాసుకున్నారు.

ఐదో రోజు నా చెస్ట్ నంబర్ పిలిచారు. అమ్మకి ఫోన్ చేస్తే ముందు "డిగ్రీ..." అంది.

ఆ తర్వాత మెడికల్, మెరిట్ లిస్ట్, చివరికి దుండిగల్ అకాడమీలో 52 వారాల ట్రైనింగ్‌కి పిలుపు. అక్కడ నెలకి 56,100 స్టైపెండ్ ఇస్తారు, బ్యాంకు వాయిదా నాన్న చేతి నుంచి నా చేతికి వస్తుంది. మెడికల్ గురించి ఒక్కమాట. వెళ్లేముందు ఈఎన్టీ డాక్టర్ దగ్గర చెవులు శుభ్రం చేయించుకోండి. వారం రోజులు విమానం టవర్‌తో ఎలా మాట్లాడుతుందో చెప్పి వచ్చిన నాకు, చెవిలో గులిమి ఉందని టెంపరరీ అన్‌ఫిట్ రాసి మళ్లీ రమ్మన్నారు.