ప్లాస్టిక్ నుంచి చెక్క క్లారినెట్‌కి

మా అమ్మాయి ఈ ఆగస్టులో హైస్కూల్ బ్యాండులో చేరుతోంది. టెక్సాస్‌లో ఉండేవాళ్లకి అదెంత పెద్ద వ్యవహారమో చెప్పక్కర్లేదు. మిడిల్ స్కూల్ అంతా ప్లాస్టిక్ యమహా క్లారినెట్‌తో నెట్టుకొచ్చింది. ఆల్-రీజియన్ (చుట్టుపక్కల స్కూళ్ల నుంచి మేటి పిల్లల్ని ఏరే బ్యాండు) ఆడిషన్ల టెన్షన్ మొదలయ్యాక "అమ్మా, అందరూ వుడ్‌కి మారుతున్నారు" అని రోజూ పోరు. ఊళ్లో మా నాన్నగారికి చెబితే "పెళ్లి బ్యాండులో ఊదేదేనా? దానికి లక్షన్నరా!" అన్నారు. అదే నాన్నా, అన్నాను.

రెండు వేల డాలర్లకి అటూ ఇటూగా మేం చూసినవి మూడు: యమహా 450, బుఫే ఇ12ఎఫ్, బ్యాకన్ ఆల్ఫా. మొదటి రెండూ గ్రెనడిల్లా అనే నల్లటి గట్టి చెక్కతో చేసినవి. మూడోది చెక్క కాదు, సింథటిక్. ఇక్కడ కొన్ని షాపులవాళ్లు కార్డు నంబర్ తీసుకుని ట్రయల్‌కి ఇంటికే పంపిస్తారు. ఆ సదుపాయం లేని చోట కొనొద్దనే నా సలహా.

పాఠాలు చెప్పే మేడమ్ ముందే ఒక షరతు పెట్టారు. మూడింటికీ పాత మౌత్‌పీసే (నోట్లో పెట్టుకుని ఊదే ముక్క), అదే రీడ్ (దానికి బిగించే పల్చటి రెల్లు పలక) వాడాలి. లేకపోతే మనం పోల్చేది మౌత్‌పీసుల్నే అవుతుంది. నిజానికి స్వరం బాగుపడాలంటే ముందు మార్చాల్సింది మౌత్‌పీసేనని, అది వందా నూటయాభై డాలర్లలో తేలిపోతుందని కూడా ఆవిడే చెప్పారు. మా అమ్మాయి దగ్గర వాండోరెన్ బి45 మౌత్‌పీస్ ఎప్పట్నుంచో ఉంది కాబట్టి ఆ ఖర్చు తప్పింది.

అసలు పరీక్ష ట్యూనర్ (శ్రుతి సరిగ్గా ఉందో లేదో ముల్లుతో చూపించే పరికరం) ముందు. ఫ్లూట్‌లో పై స్థాయికి వెళ్తే అదే స్వరం పైన పలుకుతుంది. క్లారినెట్‌లో అలా కాదు, రిజిస్టర్ కీ (పై స్థాయికి వెళ్లడానికి బొటనవేలితో నొక్కే మీట) నొక్కితే కింది సి స్వరం కాస్తా పై జి అవుతుంది. ఒకే రంధ్రాల మీద ఆ రెండూ శ్రుతిలో ఉండాలి. తయారీదారు ఎక్కడో ఒకచోట రాజీ పడక తప్పదు. ఆ రాజీ ఎక్కడ పడ్డాడో చూడటమే మన పని. కింది స్వరం పట్టి, వేళ్లు కదపకుండా రిజిస్టర్ కీ మాత్రం నొక్కి ముల్లు ఎటు పోతోందో చూశాం. మా చేతికొచ్చిన వాటిలో యమహా ముల్లు తక్కువ కదిలింది. బుఫే నాదం చిక్కగా ఉందని అమ్మాయి అంటుంది. పక్కగదిలో కూర్చుని విన్న నాకు మాత్రం మూడూ ఒకటే! మధ్యలో వచ్చే బి-ఫ్లాట్ మూడింట్లోనూ నీరసంగానే పలికింది. ఆ స్వరానికీ పై స్థాయికి వెళ్లడానికీ ఒకే చిన్న రంధ్రం వాడతారు కాబట్టి ఎంత ఖరీదైన దాంట్లోనైనా ఆ బాధ కొంత ఉంటుందట.

చివరికి తేల్చింది చిటికెన వేలు. మా అమ్మాయికి చేతులు చిన్నవి, ఎడమ చిటికెన వేలితో నొక్కే మీటలు యమహాలోనే హాయిగా అందాయి. అదే తీసుకున్నాం.

చెక్కదానికి చాకిరీ ఎక్కువ. కొత్తలో రోజుకి కాసేపే వాయించాలి, ప్రతిసారీ లోపలి తడి తుడవాలి, లేకపోతే పగుళ్లు. టెక్సాస్ ఎండలో కారులో వదిలేయడం సంగతి ఇక చెప్పాలా. అందుకే పాత ప్లాస్టిక్‌ది మార్పిడికి ఇవ్వలేదు, మైదానంలో నడుస్తూ వాయించే మార్చింగ్‌కి అదే. ఇండియా తీసుకెళ్లడం గురించి ఒకరు భయపెట్టారు. 2017లో ఈ జాతి కలప మీద అంతర్జాతీయ ఆంక్షలు వచ్చిన మాట నిజమే, కానీ పూర్తిగా తయారైపోయిన వాయిద్యాలకి 2019లో మినహాయింపు ఇచ్చారు.

ఇంటి ఇన్సూరెన్స్‌లో దీన్ని కూడా చేర్చమని మా ఆయన అంటున్నారు. సోమవారం ఫోన్ చెయ్యాలి.