పాట ఫ్రీగా ఇచ్చాడు సరే, అంతకుముందు ఇరవై ఏళ్లు ఏం చేశాడు?

మ్యూజిక్ చేసే కుర్రాళ్ల మధ్య ఒక కథ తిరుగుతూ ఉంటుంది. 2013లో రన్ ద జువెల్స్ అనే అమెరికా రాప్ జోడీ వాళ్లు మొదటి ఆల్బమ్‌ని నెట్‌లో ఫ్రీగా పెట్టేశారు, జనం ఎగబడ్డారు, దెబ్బకి స్టార్లైపోయారు, కాబట్టి మనం కూడా పాటలు ఫ్రీగా వదిలేస్తే చాలు, మిగతాది అదే వస్తుంది అని. ఫ్రీగా పెట్టిన మాట నిజమే. కానీ ఆ ఇద్దరిలో బీట్లు, అంటే రాప్ వెనక నడిచే సంగీతం, చేసే ఎల్-పీకి అప్పటికే 38 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాడు. ఒక గ్రూపు విడిపోయింది, తనే పెట్టిన లేబుల్, అంటే రికార్డు కంపెనీ, మూలపడింది, ప్రాణస్నేహితుడు పోయాడు. అవన్నీ వదిలేసి చివరి సీను ఒక్కటే చెప్పుకుంటే ఎలా?

ఎల్-పీ అసలు పేరు జైమీ మెలీన్, బ్రూక్లిన్ కుర్రాడు, 1975లో పుట్టాడు, తండ్రి జాజ్ పియానిస్టు. స్కూళ్లలో నిలవలేదు, గెంటేశారు. పదహారేళ్లకే సౌండ్ ఇంజినీరింగ్ నేర్చుకునే చోట చేరాడు. తన పద్దెనిమిదో పుట్టినరోజు పార్టీకి డీజేగా వచ్చిన మిస్టర్ లెన్‌తో దోస్తీ కుదిరి, ఇద్దరూ కంపెనీ ఫ్లో అనే గ్రూపు పెట్టారు, తర్వాత బిగ్ జస్ వచ్చి కలిశాడు. అప్పుడు ఎల్-పీ వాడిన మెషీన్ ఎన్సోనిక్ ఈపీఎస్ 16 ప్లస్, కీబోర్డు సాంప్లర్, అంటే శబ్దాల ముక్కల్ని రికార్డు చేసుకుని మీటలతో వాయించేది. దాని మెమరీ ఎంత పెంచినా 2 ఎంబీ దాటదు, ఇప్పుడు పెద్దమ్మ పొద్దున్నే పంపే గుడ్‌మార్నింగ్ వీడియోకి కూడా సరిపోదు. అందులో డ్రమ్ములు, బేస్, ఏదో పాత రికార్డులోంచి కోసిన ముక్క, అన్నీ ఇరికించాలి. చోటు కోసం శబ్దం నాణ్యత తగ్గించుకోవాల్సిందే, ఆ తగ్గించడంలోంచే గరగరలాడే మురికి సౌండు వస్తుంది. చాలామంది దాన్ని లోపమనుకుని దాచిపెట్టేవాళ్లు, ఇతను ముందుకు తెచ్చి అదే తన సంతకం చేసుకున్నాడు.

1995లో ఫంక్రషర్ అనే ఈపీని, అంటే కొన్ని పాటల చిన్న రికార్డుని, వాళ్లే సొంతంగా వినైల్ కొట్టించి అమ్ముకున్నారు. న్యూయార్క్‌లో అప్పుడు దానికి ఒక దారి ఉండేది. కొలంబియా యూనివర్సిటీ రేడియోలో స్ట్రెచ్, బాబిటోల అర్ధరాత్రి షో, ఫ్యాట్ బీట్స్ లాంటి రికార్డు షాపులు, చేతి నుంచి చేతికి తిరిగే క్యాసెట్లు. ఆ ఈపీ తెచ్చిన పేరుతో పెద్ద లేబుళ్లు వెంటపడ్డాయి, వీళ్లు వెళ్లలేదు. రాకస్ అనే చిన్న కంపెనీతో ఒప్పుకున్నారు, అది కూడా మాస్టర్లు తమ దగ్గరే ఉండేలా. 1997లో ఫంక్రషర్ ప్లస్ వచ్చింది. ఎవరి జోక్యమూ లేని ఇండిపెండెంట్లమని కవరు మీదే బూతు కలిపి మరీ అచ్చేయించుకున్నారు. ఇందులో తమాషా ఏంటంటే, ఆ రాకస్ వెనక ఉన్న డబ్బు జేమ్స్ మర్డాక్‌ది, అంటే మీడియా మహారాజు రూపర్ట్ మర్డాక్ కొడుకుది. ఇండిపెండెంట్ అనే ముద్ర ఎంత పలచనిదో దాన్ని బట్టే తెలుస్తుంది. ఎల్-పీ అక్కడ ఎక్కువ రోజులు ఉండలేదు, వెళ్లిపోయాక తన ఆల్బమ్‌లోనే వాళ్లను తిట్టిపోశాడు.

మాస్టర్ల సంగతి చాలామందికి బోరు కొడుతుందని తెలుసు, అయినా రెండు ముక్కలు చెప్తాను. మాస్టర్ అంటే రికార్డింగ్ మీద హక్కు. మన సినిమా పాటల్లో అది మామూలుగా ఆడియో కంపెనీ చేతిలోకి పోతుంది, పాడినవాడికి, వాయించినవాడికి ఎక్కువగా ముట్టేది ఆ రోజు కూలే. ఎల్-పీ మొదటి రోజు నుంచీ దీని దగ్గరే మంకుపట్టు పట్టాడు. అందుకే పన్నెండేళ్ల తర్వాత, 2009లో, అదే ఫంక్రషర్ ప్లస్‌ని తన సొంత లేబుల్ మీద మళ్లీ విడుదల చేసుకోగలిగాడు. రాకస్ చేతిలో ఉండిపోయి ఉంటే అది ఎవరెవరి చేతులు మారి ఎక్కడ తేలేదో.

ఇక ఆ లేబుల్. మేనేజర్ అమేచీ ఉజోయిగ్వేతో కలిసి డెఫ్ జక్స్ పెట్టాడు. డెఫ్ జామ్ అనే పెద్ద రాప్ లేబుల్ వాళ్లు పేరు మీద కేసు వేస్తే డెఫినిటివ్ జక్స్ అయింది. 2001లో కానిబల్ ఆక్స్ అనే జోడీ ఆల్బమ్ ద కోల్డ్ వెయిన్, బీట్లన్నీ ఎల్-పీవే. హార్లెమ్ నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు చలికాలపు న్యూయార్క్ గురించి చెప్తుంటే వెనక సింథ్‌లు పాడుబడ్డ ఫ్యాక్టరీ సైరన్‌లా మూలుగుతుంటాయి. నా దృష్టిలో అతను చేసిన ప్రొడక్షన్ అంతటిలో దాన్ని మించింది ఇప్పటికీ లేదు. అదే ఏడు ఈసాప్ రాక్ ఆల్బమ్ లేబర్ డేస్, మరుసటేడు ఆర్జేడీ2 ఆల్బమ్ డెడ్‌రింగర్, ఎల్-పీ సొంత సోలో ఫెంటాస్టిక్ డామేజ్. రెండేళ్లలో ఒక చిన్న ఆఫీసు నుంచి ఇంత సరుకు రావడం ఇప్పుడు తలుచుకున్నా నమ్మబుద్ధి కాదు.

ఆ సోలోలో ఒక పాట గురించి చెప్పాలి. సవతి తండ్రి రోబోలను తయారుచేసే కంపెనీ ప్రతినిధి వచ్చి ప్రకటన చదువుతున్నట్టు నడుస్తుంది. మా రోబో ఇంట్లో మగదిక్కు లేని లోటు తీరుస్తుంది, మద్యం పోస్తే నడుస్తుంది, అప్పుడప్పుడు చెయ్యి చేసుకోవచ్చు, షరతులు వర్తిస్తాయి. నవ్వొస్తుంది, తర్వాత ఒళ్లు జలదరిస్తుంది, ఎందుకంటే చిన్నప్పుడు అమ్మని సవతి తండ్రి కొట్టిన రాత్రి గురించి కంపెనీ ఫ్లో రోజుల్లోనే ఇతను సూటిగా ఒక పాట రాసి ఉన్నాడు. ఒకే గాయాన్ని ఒకసారి ఏడుస్తూ, అయిదేళ్లకి సేల్స్‌మన్ గొంతుతో చెప్పాడు. రాపర్‌గా అతన్ని తక్కువ చేసి బీట్‌మేకర్‌గానే పొగిడేవాళ్లు ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని వినాలి.

కానీ లెక్క చూడండి. మొదటి సోలో రాప్ ఆల్బమ్ 2002, రెండోది 2007, మూడోది 2012. మధ్యలో 2004లో ఒక జాజ్ ఆల్బమ్ చేశాడు, సరే. అయినా అయిదేళ్లకొకటి! అంత వేగంగా చెయ్యగల మనిషికి అంత గ్యాప్ ఎందుకొచ్చింది? లేబుల్ నడపడం వల్లనే అని నా అనుమానం. ఓనరూ తనే, ప్రొడ్యూసరూ తనే, పక్కవాళ్ల ఆల్బమ్ లేటైతే మాట పడేదీ తనే. పైగా ఆ పదేళ్లలోనే సీడీల అమ్మకాలు కుప్పకూలాయి, పెద్ద లేబుళ్లే తట్టుకోలేకపోయాయి, ఇంక చిన్నవాళ్ల సంగతి ఏం చెప్పాలి. 2008లో క్యాము టావు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయాడు. లేబుల్‌లో తోటి ఆర్టిస్టే కాదు, ఎల్-పీకి బాగా దగ్గరివాడు. 2010లో లేబుల్ పనులు ఆపేస్తున్నానని ప్రకటించాడు. క్యాము వదిలి వెళ్లిన ఆల్బమ్‌ని మాత్రం ఆ ఏడే బయటికి తెచ్చాడు.

ఆఫీసు మూసేసిన మనిషి దగ్గర ఏం మిగిలింది? బీట్లు చేసే చెయ్యి. నా వరకు ఈ కథలో అసలు విషయం ఇదే. అడల్ట్ స్విమ్ అనే టీవీ సంస్థలో పనిచేసే జేసన్ డిమార్కో, అట్లాంటా రాపర్ కిల్లర్ మైక్‌ని ఇతనికి పరిచయం చేశాడు. అట్లాంటా రాప్ జోడీ అవుట్‌క్యాస్ట్ వాళ్లతో పైకొచ్చి, గ్రామీ కూడా అందుకుని, తర్వాత అటు ఇటు కాకుండా ఉండిపోయిన మైక్‌ది కూడా ఇతని వయసే. ఎల్-పీ కొన్ని పాటలు చేసి తన ఆల్బమ్ పనిలోకి వెళ్లిపోదామనుకున్నాడు, మైక్ పట్టు వదల్లేదు, మొత్తం నువ్వే చెయ్యాలన్నాడు. అలా 2012 మేలో ఒక్క వారం తేడాతో రెండు ఆల్బమ్‌లు వచ్చాయి, మైక్‌ది రాప్ మ్యూజిక్, ఎల్-పీది క్యాన్సర్ 4 క్యూర్. లేబుల్ ఉన్నన్నాళ్లూ అయిదేళ్లకొకటి చేసినవాడు, అది పోయాక వారంలో రెండు దింపాడు. కలిసి టూర్ చేశారు, ఆ ఊపులోనే రన్ ద జువెల్స్ పుట్టింది.

అప్పుడు ఫ్రీగా ఇచ్చారు, 2013 జూన్‌లో. ఎలా కుదిరిందంటే బీట్లకి ఎవరికీ డబ్బులు కట్టక్కర్లేదు, ఇంట్లోనే ఉన్నాయి. ఫైలు ఫ్రీ, వినైల్‌కి డబ్బులు, టీషర్టుకి డబ్బులు, షోకి డబ్బులు. పిస్తోలు చెయ్యి, గొలుసు పట్టుకున్న పిడికిలి ఉన్న ఆ బొమ్మ ఎంత పాకిందంటే 2015లో మార్వెల్ కామిక్స్ వాళ్లు కవర్ల మీద వేశారు. రెండో ఆల్బమ్ ముందస్తు బుకింగ్‌లో వీళ్లు సరదాకి కొన్ని పిచ్చి ఆఫర్లు పెట్టారు, అందులో ఒకటి 40,000 డాలర్లు ఇస్తే ఆల్బమ్ మొత్తాన్ని పిల్లి అరుపులతో మళ్లీ చేసిస్తాం అని. ఒక అభిమాని నిజంగానే కిక్‌స్టార్టర్‌లో చందాలు మొదలుపెట్టాడు, అడిగినదానికంటే ఎక్కువే వచ్చాయి. మాటిచ్చాక తప్పుతుందా, పిల్లుల గుర్రుతో బేస్‌లైన్లు చేసుకుంటూ కూర్చున్నారు, ఆల్కెమిస్ట్, జస్ట్ బ్లేజ్ లాంటి పెద్ద ప్రొడ్యూసర్లు కూడా తలో పాట చేసిపెట్టారు. వచ్చిన డబ్బు పోలీసుల చేతిలో చనిపోయిన ఎరిక్ గార్నర్, మైకేల్ బ్రౌన్‌ల కుటుంబాల కోసం అన్నారు. నిజం చెప్పాలంటే ఆ ఆల్బమ్ రెండోసారి వినలేం.

మూడోది 2016 క్రిస్మస్ ముందు రోజు, చెప్పిన తేదీకన్నా మూడు వారాలు ముందే, మళ్లీ ఫ్రీగా వదిలారు, ఈసారి సొంత కంపెనీ పేరు మీద. నాలుగోది 2020 జూన్ 3న, జార్జ్ ఫ్లాయిడ్ హత్య మీద అమెరికా వీధులన్నీ అట్టుడికిపోతున్నప్పుడు, అనుకున్నదానికంటే రెండు రోజులు ముందు. అది కూడా ఫ్రీగానే దొరికింది, అయినా బిల్‌బోర్డ్ చార్టులో పదో స్థానానికి వెళ్లింది.

ఈ మధ్య మనవాళ్లలో కొందరు రెండు పాటలు చెయ్యగానే లోగో గీయించి, లేబుల్ రిజిస్టర్ చేయించి, పక్కవాళ్లని సైన్ చేసుకోవడం మొదలుపెడుతున్నారు, బీట్లు మాత్రం యూట్యూబ్‌లో లీజుకి కొన్నవి. అదే బీట్ మీద ఇంకో పది మంది పాడి ఉంటారు. వాళ్లని తప్పుపట్టను, బీట్ నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. కానీ లోగోకి పెట్టిన ఖర్చులో సగం ఒక మంచి హెడ్‌ఫోన్స్‌కి పెట్టినా బాగుండేదని మాత్రం అంటాను.

కొత్తగా వినేవాళ్లు రన్ ద జువెల్స్ 2తో మొదలుపెట్టండి, అది ఎవరికైనా ఎక్కుతుంది. తర్వాత ద కోల్డ్ వెయిన్, వీలైతే రాత్రిపూట. ఫంక్రషర్ ప్లస్ చివర్లో పెట్టుకోండి, దాంతోనే మొదలుపెడితే మూడో పాటకే ఆపేసి నన్ను తిడతారు.