కార్డులో మూడో పేరు

పొద్దున్నే అమ్మతో కలిసి రేషన్ దుకాణానికి వెళ్ళాను, ఈ-కేవైసీ కోసం. ఇద్దరం వేలిముద్రలు వేశాం. "కార్డులో ముగ్గురున్నారు కదమ్మా, మూడో ఆయన రాలేదా?" అని అడిగాడు డీలరు. తమ్ముడు దుబాయ్ వెళ్ళి రెండేళ్ళు దాటింది. "వస్తాడులే బాబూ, పేరు ఉండనివ్వు" అంది అమ్మ.

ఇంటికొచ్చి, వారం రోజులుగా తిరగేస్తున్న పాత కాగితాలు మళ్ళీ ముందేసుకున్నాను. రెండో ప్రపంచ యుద్ధకాలంలో లండన్ బరోల (నగరంలోని పాలనా విభాగాల) ఆరోగ్యాధికారులు ఏటా రాసిన నివేదికలు. కాగితం కరువు కాబట్టి బక్కచిక్కి ఉంటాయి. నా ధ్యాసంతా తూర్పు లండన్‌లోని బెత్నల్ గ్రీన్ మీదే.

పోయినవాళ్ళ లెక్క ఎలాగో దొరుకుతుంది, రిజిస్టరు ఉంటుంది. మరణాల రేటుకు హారం, అంటే మొత్తం ఎంతమంది ఉన్నారన్న లెక్క, దాని దగ్గరే తంటా. 1931 జనగణనలో అక్కడ దాదాపు 1,08,000 మంది. 1941లో జనగణనే లేదు. ఈలోగా పిల్లలను రైళ్ళెక్కించి పల్లెలకు పంపారు, కుర్రాళ్ళు సైన్యంలో చేరారు, 1940 సెప్టెంబరు 7 నుంచి బాంబులకు ఇళ్ళు కూలినవాళ్ళు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. మిగిలినవారిలో ముసలివాళ్ళ వాటా పెరిగింది. వెయ్యికి మరణాలు పెరిగితే అది రోగమా, వయసా?

చంటిపిల్లల మరణాల రేటు కొంత నయం, దాని హారం పుట్టినవాళ్ళే. ఇంగ్లండ్, వేల్స్ మొత్తానికి వెయ్యి జననాలకు 1939లో 51, 1941లో 60, 1944లో 45. యుద్ధం ముగియకముందే అంత తగ్గింది! 1940లో తల్లులకూ పసివాళ్ళకూ చౌకగా పాలిచ్చే పథకం పెట్టారు. దాని వాటా ఎంతో విడదీయడం నా వల్ల కాదు.

1943 మార్చి 3 దగ్గర చాలాసేపు ఆగిపోయాను. బాంబులకు భయపడి తలదాచుకోవడానికి వెళ్తూ, బెత్నల్ గ్రీన్ భూగర్భ రైల్వే స్టేషన్ మెట్ల మీద తొక్కిసలాటలో 173 మంది ఊపిరాడక పోయారు, వారిలో 62 మంది పిల్లలు. ఆ రాత్రి అక్కడ బాంబే పడలేదు. వీళ్ళను యుద్ధమరణాల గడిలో రాయాలా, ప్రమాదాల గడిలోనా?

ఇంతకీ ఆ హారం, అదే జనం లెక్క, ఎలా తెచ్చారంటే, 1939 సెప్టెంబరు 29న ఇంటింటి నమోదు చేసి గుర్తింపు కార్డులిచ్చారు, దానికి రేషన్ పుస్తకాలు ముడిపెట్టారు. ఇల్లు మారితే చెప్పక తప్పదు, తిండితో పని కదా. నాకు నవ్వాగలేదు. మా డీలరును అడిగి ఉండాల్సింది.

సాయంత్రం తమ్ముడు ఫోను చేశాడు. "నా పేరు తీయించెయ్యమ్మా" అన్నాడు. అమ్మ "సరేలే" అని, కార్డు తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేసింది.