మూడో తరగతి కప్ప

మన బ్యాచ్ అంతా మన టీచరమ్మతో కలవబోతున్నాం కదా, అందుకే ఇది రాస్తున్నాను. మన బడి రేకుల మీద వాన పడితే పాఠం వినపడేది కాదు, మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి ఒక మధ్యాహ్నం మూడో తరగతి టీచరమ్మ పుస్తకాలు మూసేయమని పాత క్యాలెండర్ కాగితాలు పంచి, గెంతే కప్పలు చేయించారు.

పొడవు వెడల్పుకి రెండింతలుండే ముక్క తీసుకోవాలి. పైమూలని ఎదుటి అంచు మీదికి ఐమూలగా మడిచి విప్పాలి, రెండో మూలనీ అంతే, అప్పుడు ఇంటూ గుర్తు పడుతుంది. దాని నడిమికి అడ్డంగా వెనక్కి మడిచి విప్పి, రెండు పక్కలా లోపలికి నొక్కితే పైభాగం గుడిసె కప్పులా కూర్చుంటుంది. దాని రెండు చివర్లూ పైకి తిప్పితే ముందుకాళ్లు. కింది భాగం అంచులు మధ్యకి మడిచి, అడుగుని పైకి, అందులో సగాన్ని మళ్లీ వెనక్కి మడిస్తే వెనకకాళ్లు, స్ప్రింగూ అదే. అన్ని మడతలూ గోటితో గీయాలి గానీ ఆ చివరి రెండూ మాత్రం మెత్తగా వదలాలి, గట్టిగా నొక్కేస్తే కప్ప కదలదు.

నాకు లోపలికి నొక్కేదే రాలేదు. ఏడుపు మొహంతో టీచరమ్మకి ఇచ్చాను. ఆవిడ మొత్తం విప్పేసి, చదును చేసి, కాగితం నా చేతిలోనే పెట్టి "గీతలు నువ్వే వేశావు కదమ్మా, అవే దారి చూపిస్తాయి" అన్నారు. నాలుగోసారికి కూర్చుంది. వీపు మీద వర్జ్యం వేళలు అచ్చై ఉన్న ఆ కప్ప చాలా రోజులు నా పలకల సంచిలోనే ఉంది.

ఇప్పుడు నేనూ ఒకటో తరగతి పిల్లలకి చెప్తున్నాను. జర్మనీలో ఫ్రోబెల్ అనే విద్యావేత్త 1837లో మొదలుపెట్టిన పసిపిల్లల బడి పద్ధతిలో కాగితం మడతలూ భాగమేనని, ఆ మడతలు చూసే మద్రాసులో సుందరరావు గారనే ఆయన 1893లో కాగితంతో జామెట్రీ నేర్పే పుస్తకం వేశారని ట్రైనింగ్‌లో తెలిసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది మన టీచరమ్మే. మా పిల్లలకి మూల, అంచు అంటే తికమక, అందుకని స్కెచ్ పెన్నుతో చుక్కలు పెట్టి "ఎర్ర చుక్క మీదికి ఎర్ర చుక్క" అంటాను. మడత మాత్రం వాళ్ల వేళ్లే వెయ్యాలి. వంకర కప్ప ముందుకి గెంతకుండా పల్టీ కొడితే వాళ్లకి ఇంకా సంబరం.

కలిసే రోజు క్యాలెండర్ కాగితాలు నేను తెస్తాను. టీచరమ్మ గారు కూర్చునే చోటికి ఎదురుగా గచ్చు మీద, కప్పల్ని గెంతించడానికి సుద్దముక్కతో గీత గీసే పని మీలో ఎవరైనా చూసుకోండి.